చివరి మాట ఎవరిది? 66–73 గ్రంథాలు, సంప్రదాయం, పోపు అధికారం: కాథలిక్–ప్రొటెస్టంట్ చర్చ

లేఖనదీపం:
అందరికీ వందనాలు. కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు ఒకే గదిలో కూర్చుని చదివే బైబిలు పాఠాల కోసం ఈ ప్రశ్నలు. దొరికే కరపత్రాల్లో ఒకరు "మీరు పుస్తకాలు కలిపారు" అంటారు, ఇంకొకరు "మీరే తీసేశారు" అంటారు, అక్కడితో వాదన ఆగిపోతుంది. తేదీలతో, పత్రాలతో చెప్పగలవాళ్ళు చెప్పండి. ప్రొటెస్టంట్ బైబిలులోని 66 గ్రంథాలకీ కాథలిక్ బైబిలులోని 73కీ తేడా సరిగ్గా ఎక్కడ వచ్చింది? "లేఖనం మాత్రమే" అన్నప్పుడు సంస్కర్తల ఉద్దేశం ఏమిటి? పోపు బోధలో పొరపాటు ఉండదన్న సిద్ధాంతం ఎంతవరకు వర్తిస్తుంది? ఎవరి నమ్మకాన్నీ వంకరగా చూపించకుండా పాఠం నడపాలి.

పేతురుబాట:
ముందు లెక్క తేల్చుకుందాం. కొత్త నిబంధన ఇద్దరికీ 27 గ్రంథాలే. తేడా అంతా పాత నిబంధనలో: ప్రొటెస్టంట్లకు 39, మాకు 46. ఎక్కువగా ఉన్న ఏడు ఇవి: తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల గ్రంథాలు రెండు. వీటితోపాటు ఎస్తేరులో కొన్ని భాగాలు ఉన్నాయి. దానియేలు 3లో అగ్నిగుండంలోని ముగ్గురు యువకుల గీతం, 13లో సూసన్న, 14లో బేలు, సర్పం కథలు ఉన్నాయి. "ఏడు పుస్తకాలే తేడా" అనేవాళ్ళు ఈ భాగాలను మరిచిపోతుంటారు.

ఇక "ఈ ఏడింటినీ పదహారవ శతాబ్దపు కాథలిక్ ట్రెంట్ మహాసభ కలిపింది" అన్న మాట. 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ చదివిన జాబితా అప్పటికప్పుడు పుట్టింది కాదు. 393లో హిప్పో సభ, 397లో కార్తేజు సభ ఈ గ్రంథాలను లెక్కలో చేర్చాయి. పునీత అగుస్తీను పాత నిబంధనకు 44 అని లెక్క చెప్పారు. విలాపవాక్యాలను, బారూకును యిర్మీయాలోనే కలిపి లెక్కించడం వల్ల 46 కాస్తా 44 అయింది, గ్రంథాలు మాత్రం ఇవే. 1442లో ఫ్లోరెన్సు మహాసభ కూడా ఇవే పేర్లు చదివింది. అప్పటికి సంస్కర్త లూథర్ పుట్టనే లేదు. ట్రెంట్ కొత్తగా చేసింది ఒక్కటే: ఈ జాబితాను కాదన్నవారు శ్రీసభ (కాథలిక్ సంఘం) వెలుపల ఉన్నట్టేనని శాపవాక్యంతో ముద్ర వేయడం.

బెరయవాసి:
తేదీలన్నీ నిజమే, కానీ కథ సగమే చెప్పారు. హిప్పో, కార్తేజు ప్రాంతీయ సభలు, మొత్తం సంఘాన్ని కట్టిపడేసేవి కావు. అదే కాలంలో జెరోము, అంటే లాటిన్ బైబిలును తయారుచేసిన మనిషే, హెబ్రీ గ్రంథాల జాబితాలో లేనివి కానను (లేఖనంగా ఒప్పుకున్న గ్రంథాల పట్టిక) బయటివని సమూయేలు–రాజుల గ్రంథాల ముందుమాటలో రాశాడు. సంఘం వాటిని భక్తివృద్ధికి చదవవచ్చు గాని సిద్ధాంతాన్ని స్థిరపరచడానికి వాడరాదని సొలోమోను గ్రంథాల ముందుమాటలో చెప్పాడు. ఆరవ శతాబ్దం చివర పోపు గ్రెగొరీ తన యోబు వ్యాఖ్యానంలో 1 మక్కబీయుల నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటూ, ఇది కానను గ్రంథం కాకపోయినా క్షేమాభివృద్ధికి ఇచ్చినదని ఒక మాట చేర్చాడు. 1518లో ఔగ్స్‌బర్గ్‌లో లూథర్‌ను విచారించిన కార్డినల్ కయెతాన్ కూడా 1532లో జెరోము పక్షమే పట్టాడు. కాబట్టి 1546 వరకు రోమా సంఘం లోపలే రెండు అభిప్రాయాలూ బతికి ఉన్నాయి.

యూదుల లెక్క కూడా తెలియాలి. మొదటి శతాబ్దం చివర యూదు చరిత్రకారుడు జోసీఫస్ 22 గ్రంథాలే అంటాడు. 39 ఎక్కడ, 22 ఎక్కడ అని కంగారు పడొద్దు. చిన్న ప్రవక్తలు పన్నెండు మంది కలిసి ఒకే గ్రంథం, అక్కడే 28కి వస్తాం. సమూయేలు, రాజులు, దినవృత్తాంతాలు రెండేసి కాకుండా ఒక్కొక్కటే, 25. ఎజ్రా–నెహెమ్యా ఒకటి, 24. రూతును న్యాయాధిపతులతో, విలాపవాక్యాలను యిర్మీయాతో కలిపితే 22. "దేవోక్తులు యూదుల పరము చేయబడెను" అని రోమా 3:2 చెబుతోంది, అందుకే వారి జాబితాకు మేము బరువు ఇస్తాం. లూకా 24:44లో ప్రభువు మోషే ధర్మశాస్త్రం, ప్రవక్తలు, కీర్తనలు అని ఆ మూడు భాగాల పద్ధతిలోనే మాట్లాడాడు.

చరిత్రపుట:
ఇరువైపులా చాలాసార్లు వాడే ఐదు వాదనలు నిలబడవు. పాఠంలోకి రానివ్వకండి.

"క్రీ.శ. 90లో యామ్నియా సభలో యూదులు కాననును మూసేశారు" అన్నది 19వ శతాబ్దపు ఊహ. అలాంటి సభ ఓటు వేసి జాబితా ముగించినట్టు ఆధారం లేదు. అక్కడి రబ్బీలు ప్రసంగి, పరమగీతం వంటి వాటిపై చర్చించారు, అంతే.

"అపొస్తలులు వాడిన సెప్టువజింటులో (పాత నిబంధన గ్రీకు అనువాదం) ఈ ఏడూ ఉన్నాయి కాబట్టి అవి కాననే" అన్నదీ తేలిపోతుంది. మన దగ్గరున్న పెద్ద గ్రీకు ప్రతులు 4, 5 శతాబ్దాల క్రైస్తవ ప్రతులు, అవీ ఒకదానితో ఒకటి కలవవు. వాటికనస్‌లో మక్కబీయుల గ్రంథాలే లేవు. సినాయిటికస్‌లో 1, 4 ఉన్నాయి. అలెగ్జాండ్రినస్‌లో నాలుగూ ఉన్నాయి.

"కొత్త నిబంధన వీటిని ఉదహరించలేదు కాబట్టి కాదు" అంటే ఎస్తేరును కూడా ఉదహరించలేదు. పైగా యూదా 14–15 హనోకు గ్రంథాన్ని ఎత్తి చెబుతుంది. ఆ గ్రంథాన్ని కాథలిక్కులూ ఒప్పుకోరు, ప్రొటెస్టంట్లూ ఒప్పుకోరు, ఇథియోపియా సంఘం ఒప్పుకుంటుంది. ఉదహరించడం ఒక్కటే కొలత కాదన్నమాట. హెబ్రీ 11:35లోని చిత్రవధ మాత్రం 2 మక్కబీయులు 7లోని తల్లి, ఏడుగురు కొడుకుల సంగతేనని రెండు పక్షాల వ్యాఖ్యాతల్లో చాలామంది ఒప్పుకుంటారు.

367లో అలెగ్జాండ్రియా బిషపు అథనాసియుస్ రాసిన పస్కా లేఖను ప్రొటెస్టంట్లు ఇష్టంగా చూపిస్తారు. నేటి 27 కొత్త నిబంధన గ్రంథాలు సరిగ్గా అలాగే కనబడే తొలి జాబితా అదే, నిజం. అందులోనే పాత నిబంధన వైపు బారూకు లోపల ఉంది, ఎస్తేరు బయట "చదవదగినవి" వరసలో ఉంది. మొత్తం చూపించకుండా సగం చూపిస్తే అన్యాయం.

"లూథర్ చించి పారేశాడు" అన్నది కూడా నిజం కాదు. 1534 నాటి ఆయన బైబిలులో ఇవి రెండు నిబంధనల మధ్య ఉన్నాయి, లేఖనంతో సమానం కావు గాని చదవడానికి మంచివి అన్న శీర్షికతో. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ ఉన్నాయి. అపోక్రిఫా (ఈ అదనపు గ్రంథాలకు ప్రొటెస్టంట్లు వాడే పేరు) ఉన్న ముద్రణలకు సొమ్ము ఇవ్వరాదని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1826లో తీర్మానించాక అవి సాధారణ ప్రొటెస్టంట్ బైబిళ్ళలోంచి వేగంగా కనుమరుగయ్యాయి.

కడవరివాన:
ఇంత చరిత్ర ఎందుకు? బైబిలు చాలు. లేఖనం మాత్రమే అంటే లేఖనం తప్ప ఇంకే అధికారమూ లేదని. విశ్వాస ప్రమాణాలు, సభలు అన్నీ మనుషులు పెట్టుకున్నవే.

బెరయవాసి:
బ్రదర్, మీరు చెప్పింది సంస్కర్తల బోధ కాదు. కాథలిక్ మిత్రులు మనల్ని సులువుగా ఓడించేది ఈ రూపాన్ని పట్టుకునే. లేఖనం మాత్రమే అంటే *తప్పిపోని* ప్రమాణం లేఖనం ఒక్కటే అని. సంఘానికి, సభలకు, నైసీయ విశ్వాస ప్రమాణానికి నిజమైన అధికారం ఉంది, కాని అది లేఖనం కింద ఉండే అధికారం. లేఖనంతో సరిచూసి దిద్దవచ్చు. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన (ప్రెస్బిటేరియన్లు అనుసరించే పత్రం) 31వ అధ్యాయం సభలు పొరపడగలవని, చాలా పొరపడ్డాయని చెబుతూనే, దేవుని వాక్యానికి ఒప్పిన వాటి తీర్మానాలను భక్తితో స్వీకరించమంటుంది.

లేఖనం స్పష్టమైనది అన్న మాటకూ హద్దు ఉంది. అదే ప్రకటన మొదటి అధ్యాయం 7వ భాగం లేఖనంలో అన్నీ ఒకేలా తేటగా ఉండవని నేరుగా ఒప్పుకుంటుంది. రక్షణకు అవసరమైనవి మాత్రం చదువు లేనివాడు కూడా మామూలు మార్గాలను సరిగా వాడితే గ్రహించగలడంటుంది. ఆ మామూలు మార్గాల్లో బోధకుడు కూడా ఒకడు. లేఖనం చదువుతున్న ఇథియోపియా నపుంసకుడికి దాన్ని వివరించడానికి ఫిలిప్పు అవసరమయ్యాడు, అపొస్తలుల కార్యములు 8:31.

మన పక్షం నుంచి 2 తిమోతి 3:16–17 చదివేటప్పుడు జాగ్రత్త. "ప్రయోజనకరము" అని ఉంది కాబట్టి "ఒక్కటే" అని లేదని అవతలివారు అంటారు, అది న్యాయమైన మాటే. వాదన బలం 17వ వచనంలో ఉంది, దైవజనుడు "ప్రతి సత్కార్యమునకు పూర్ణముగా" సిద్ధపడతాడు అన్నచోట. దానికి మార్కు 7:8–13 జత చేయండి. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునే కొర్బాను ఆచారం పెద్దల పారంపర్యమే, ప్రభువు దాన్ని దేవుని వాక్యంతో కొలిచి కొట్టేశాడు. పారంపర్యాన్ని కొలవవచ్చు అనడానికి అంతకంటే నేరుగా చెప్పే వచనం లేదు.

సత్యోపదేశకుడు:
బెరయవాసి గారు తమ పక్షాన్ని చెప్పిన తీరు మెచ్చదగినది. అదే న్యాయం మాకూ జరగాలి. శ్రీసభ బైబిలుకు పైన కూర్చుంటుందని మా బోధ కాదు. 1965 నవంబరు 18న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన 'దేయి వెర్బుమ్' 10వ పేరా చదవండి: బోధనాధికారం దేవుని వాక్కుకు పైది కాదు, దానికి సేవ చేసేది. ఆ ముందు పేరా, 9, లేఖనం, పారంపర్యం రెండూ ఒకే దైవిక ఊటనుంచి పారుతున్నాయని, సత్యాలన్నిటి గురించిన నిశ్చయతను శ్రీసభ లేఖనం నుంచి మాత్రమే పొందదని అంటుంది.

ట్రెంట్ విషయంలో ఒక సూక్ష్మం ఉంది. తీర్మానం ముసాయిదాలో సత్యం "కొంత రాతపుస్తకాల్లో, కొంత రాయని పారంపర్యాల్లో" ఉందని రాశారు. చివరి ప్రతిలో ఆ "కొంత–కొంత" తీసేసి "రాతపుస్తకాల్లోను, రాయని పారంపర్యాల్లోను" అన్నారు. దానివల్ల, రక్షణకు కావలసిందంతా ఏదో రూపంలో లేఖనంలో ఉంది, పారంపర్యం దాన్ని సరిగా చదివించే వెలుగు అని నమ్మే కాథలిక్కుకు కూడా చోటు మిగిలింది. మాలో రెండు ఆలోచనలూ ఉన్నాయి.

2 థెస్సలొనీక 2:15 "నోటిమాటవలననైనను మా పత్రికవలననైనను" అంటుంది. 1 తిమోతి 3:15 సత్యానికి స్తంభం, ఆధారం అని సంఘాన్ని పిలుస్తుంది, గ్రంథాన్ని కాదు.

ఇక అసలు ప్రశ్న. లేఖనం ఒక్కటే తప్పిపోని ప్రమాణమని నమ్మే ఇద్దరు, ఇద్దరూ పండితులే, ఇద్దరూ ప్రార్థనాపరులే, ఒకే వచనం దగ్గర విడిపోతే? 1529 అక్టోబరులో మార్బుర్గ్‌లో లూథర్, జూరిచ్ సంస్కర్త జ్వింగ్లీ కలిశారు. 15 అంశాల్లో 14 మీద ఒప్పందం కుదిరింది. 15వది ప్రభువు బల్ల. "ఇది నా శరీరము" అన్న మాట దగ్గర విడిపోయి, మళ్ళీ కలవలేదు. అది పక్కన పెట్టదగిన చిన్న విషయం కాదు, ఆరాధనకు గుండెకాయ. శిశు బాప్తిస్మం మీద 1525 నుంచే జూరిచ్‌లో చీలిక ఉంది. కాపరులను కాపాడే కాపరి లేకుండా క్రీస్తు తన మందను వదిలి వెళ్ళాడని మేము నమ్మలేం.

బెరయవాసి:
ఈ చర్చలో నన్ను నిజంగా బరువుగా తాకే వాదన ఇదొక్కటే, దాటవేయను. మార్బుర్గ్ గాయమే. అయితే తప్పిపోని బోధకుడు ఉన్నా, ఆయన మాటను అర్థం చేసుకునేది తప్పిపోయే మనుషులే. 1864లో పోపు 9వ పయస్ మతస్వేచ్ఛ గురించి రాసినదీ, 1965లో రెండవ వాటికన్ మహాసభ మతస్వేచ్ఛ గురించి ప్రకటించినదీ పొసగుతాయా లేదా అని ఈనాటికీ కాథలిక్కులు తమలో తాము వాదించుకుంటున్నారు, విడిపోయినవాళ్ళూ ఉన్నారు. అంటే వ్యాఖ్యానం సమస్య ఒక మెట్టు పైకి జరిగింది గాని పోలేదు.

సత్యోపదేశకుడు:
ఒక మెట్టు జరగడంలోనే తేడా ఉంది. సజీవుడైన బోధకుణ్ణి మళ్ళీ అడగవచ్చు, ఆయన "నా ఉద్దేశం అది కాదు" అని దిద్దగలడు. యెరూషలేములో జరిగింది అదే. సున్నతి గురించి అంతియొకయలో వివాదం వస్తే ఎవరి దారిన వాళ్ళు లేఖనం చదువుకోలేదు, పెద్దల దగ్గరకు మనుషులను పంపారు. తీర్పు "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అన్న అధికారంతో వచ్చింది, అపొస్తలుల కార్యములు 15:28.

బెరయవాసి:
అదే అధ్యాయం 15–18 వచనాల్లో యాకోబు ఆమోసు 9:11–12 చదివి దాని మీద తీర్పు నిలబెట్టాడు. సభ ఉంది, అధికారం ఉంది, కొలత మాత్రం లేఖనం. పైగా ఆ గదిలో అపొస్తలులు ఉన్నారు. తరువాతి బిషప్పులకు అదే హామీ సంక్రమించిందని ఆ అధ్యాయం చెప్పదు.

చరిత్రపుట:
మీ ఇద్దరూ వాడే ఒక పితరుడి (తొలి శతాబ్దాల సంఘ బోధకుడి) గురించి ఒక మాట. యెరూషలేము బిషపు సిరిల్ సుమారు 350లో బాప్తిస్మానికి సిద్ధపడేవారికి చెప్పిన నాలుగవ ఉపన్యాసంలో, లేఖనాల నుంచి రుజువు లేకపోతే నేను చెప్పినా నమ్మవద్దు అంటాడు (భాగం 17). ప్రొటెస్టంట్ పుస్తకాల్లో ఈ వాక్యం తప్పక ఉంటుంది. అదే ఉపన్యాసం 33వ భాగంలో, ఏవి లేఖనాలో సంఘం దగ్గరే నేర్చుకోమంటాడు. కాథలిక్ పుస్తకాల్లో ఇది ఉంటుంది. తరువాత ఆయన ఇచ్చిన జాబితాలో బారూకు ఉంది, ప్రకటన గ్రంథం లేదు. నాలుగవ శతాబ్దపు మనిషి మన పదహారవ శతాబ్దపు ప్రశ్నకు జవాబు చెప్పడు. ఒక వాక్యం కోసుకొచ్చి ఎవరి సంచిలో వాళ్ళు వేసుకోవడం వల్లే పితరుల మీద వాదనలన్నీ చెడిపోతున్నాయి. పాఠంలో పితరుల వాక్యం చదివితే, ముందూ వెనకా కనీసం ఒక పేజీ కలిపి చదవండి.

పేతురుబాట:
మూడవ ప్రశ్నకు ఎవరూ రాలేదు. 1870 జూలై 18న మొదటి వాటికన్ మహాసభ 'పాస్తోర్ ఎతెర్నుస్' ప్రకటించింది. అనుకూలంగా 533, వ్యతిరేకంగా 2 ఓట్లు. అందులో షరతులు ఉన్నాయి, అన్నీ కలిస్తేనే: పోపు సకల క్రైస్తవుల కాపరిగా, బోధకుడిగా మాట్లాడాలి, తన అత్యున్నత అపొస్తలిక అధికారాన్ని వినియోగించాలి, విషయం విశ్వాసానికో నైతిక జీవితానికో చెందాలి, శ్రీసభ అంతా దాన్ని స్వీకరించి తీరాలని నిర్ణయించి ప్రకటించాలి. ఆయన పాపం చేయడని దీని అర్థం కాదు. వాతావరణం గురించో రాజకీయం గురించో చెప్పేది దీని కిందకు రాదు. 1870 తరువాత ఈ విధంగా జరిగిన ప్రకటన ఒకటే, 1950 నవంబరు 1న 12వ పయస్ చేసిన మరియమాత మోక్షారోపణం (ఆమె శరీరాత్మలతో పరలోకానికి తీసుకోబడిందన్న బోధ). 1854 డిసెంబరు 8 నాటి నిష్కళంకోద్భవ (మరియమాత జన్మపాపం లేకుండా గర్భంలో రూపొందిందన్న బోధ) ప్రకటన అంతకుముందుది, అదీ ఈ కోవలోనిదేనని మేము ఎంచుతాం.

బెరయవాసి:
మూడు విషయాలు జోడించాలి. వ్యతిరేకించిన బిషప్పుల్లో చాలామంది ఆ ఓటుకు ముందే రోమ్ విడిచి వెళ్ళిపోయారు, 2 అన్న అంకె చూసి అందరూ ఏకమనస్కులు అనుకోకూడదు. ఏడవ శతాబ్దపు పోపు హొనోరియుస్‌ను 680–681లో జరిగిన మూడవ కాన్‌స్టాంటినోపులు మహాసభ అతడు చనిపోయాక మతభ్రష్టుడిగా ఖండించింది. ఆయన లేఖలు పై షరతుల కిందకు రావని మీ జవాబు. సరే, కానీ ఆ షరతులు పన్నెండు శతాబ్దాల తరువాత రాసుకున్నవి. ఇక మూడు పోపుల గొడవను ముగించిన కాన్‌స్టెన్సు మహాసభ 1415లో సభ అధికారానికి పోపు కూడా లోబడాలని చెప్పింది. ఆ తీర్మానానికి కట్టుబడనక్కరలేదని ఇప్పుడు మీరంటారు. ఏ సభ మాట కట్టేదో ఏది కాదో చివరకు పోపే నిర్ణయిస్తే, మా సందేహం అక్కడే ఉంది.

సత్యోపదేశకుడు:
హొనోరియుస్ గురించి: పోపు 2వ లియో ఆ ఖండనను ఆమోదించినప్పుడు, విశ్వాసాన్ని కాపాడడంలో ఆయన చూపిన అలసత్వాన్ని తప్పుపట్టాడు. అందుకే ఆ ఉదంతం కాపరి వైఫల్యమే గాని శ్రీసభకు ఇచ్చిన బోధ కాదని మేమంటాం.

ఎక్కువమంది ప్రొటెస్టంట్లు చూడని కోణం ఒకటి చెబుతాను. పొరపాటు లేని ప్రకటన కాకపోతే కాథలిక్కు దాన్ని పట్టించుకోనక్కరలేదని అనుకుంటారు. రెండవ వాటికన్ మహాసభ పత్రం 'లూమెన్ జెన్షియుం' 25 ప్రకారం పోపు సాధారణ బోధకు కూడా మనసు, చిత్తం లోబరచాలి. అందువల్ల ఒకే ఒక్క 1950 ప్రకటన చూపించి అధికారం అరుదుగా వాడతారు అనడం కూడా పూర్తి చిత్రం కాదు.

మోడరేటర్:
తొలగించిన ఒక పోస్టులో "33,000 ప్రొటెస్టంట్ శాఖలు" అన్న అంకె వచ్చింది. దాన్ని ఇక్కడ వాడవద్దు. 2001 నాటి ఒక విజ్ఞాన సర్వస్వంలో అన్ని క్రైస్తవ శాఖలకూ కలిపి ఇచ్చిన లెక్క అది. దేశానికొకటి చొప్పున లెక్కించడం వల్ల రోమన్ కాథలిక్ సంఘమే అందులో 242గా కనబడుతుంది. చీలికలు నిజమే, ఆ అంకె మాత్రం వాటిని కొలవదు.

లేఖనదీపం:
చాలా ఉపయోగం. ఏ క్రమంలో చెబితే గొడవ కాకుండా లోతుకు వెళ్ళవచ్చు? నాలుగు వారాలు, వారానికి గంటన్నర.

చరిత్రపుట:
పోపుతో మొదలుపెట్టకండి, పుస్తకాల సంఖ్యతోనూ వద్దు. మొదటి వారం అపొస్తలుల కార్యములు 15 ఒక్కటే, పైన ఇద్దరూ చెప్పిన రెండు చదువులతో. రెండవ వారం పత్రాలు: 'దేయి వెర్బుమ్' 7 నుంచి 10 పేరాలు, వెస్ట్‌మినిస్టర్ మొదటి అధ్యాయం పది భాగాలూ. రెండూ కలిపి చదవడానికి అరగంట సరిపోతుంది. కాథలిక్కు ప్రొటెస్టంట్ పత్రాన్ని, ప్రొటెస్టంట్ కాథలిక్ పత్రాన్ని తన మాటల్లో చెప్పాలి. అవతలివారు "అవును, మా నమ్మకం ఇదే" అన్న తరువాతే విమర్శ. ఈ మెట్టు వదిలేస్తే మిగతా మూడు వారాలూ వృథా. గుంపులో లూథరన్లు, ఆంగ్లికన్లు ఉంటే వెస్ట్‌మినిస్టర్ వారిది కాదని గుర్తుంచుకోండి. ఆంగ్లికన్ల 39 అంశాల్లో 6, 20 చదివించండి. మూడవ వారం కానను, నాలుగవ వారం పోపు.

కానను వారంలో చర్చ దాదాపు ఎప్పుడూ 2 మక్కబీయులు 12:43–46 దగ్గరకు, మృతుల కోసం ప్రార్థన మీదకు జారుతుంది. ఉత్తరించు స్థలం (చనిపోయినవారు పరలోకానికి ముందు శుద్ధి పొందే స్థితి అన్న కాథలిక్ బోధ) వేరే పాఠం, అక్కడ ఆపండి.

పేతురుబాట:
ముద్రణల మధ్య అంకెల తేడా ముందే చూసుకోండి, లేకపోతే సగం సమయం పుటలు తిప్పడంతోనే పోతుంది. పాత కాథలిక్ ముద్రణల్లో 10 నుంచి 147 వరకు కీర్తనల సంఖ్య చాలావరకు ఒకటి తక్కువ, "యెహోవా నా కాపరి" అక్కడ 22. కొన్ని ముద్రణల్లో యోవేలు 2:28 కాస్తా 3:1 అవుతుంది, మలాకీ 4:1 కాస్తా 3:19 అవుతుంది. పది ఆజ్ఞల లెక్క కూడా వేరు: కాథలిక్కులు, లూథరన్లు విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశించకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా లెక్కిస్తారు. "ఆరవ ఆజ్ఞ" అంటే ఒకరికి నరహత్య, ఇంకొకరికి వ్యభిచారం. అంకెతో పాటు ఆజ్ఞ మాటలు కూడా పలకమని మొదటి రోజే చెప్పండి. ఇక యిర్మీయా లేఖ కొన్ని బైబిళ్ళలో బారూకు ఆరవ అధ్యాయంగా, కొన్నిటిలో విడిగా ఉంటుంది. ఎస్తేరు అదనపు భాగాలను ఒక్కో ముద్రణ ఒక్కో చోట పెడుతుంది కాబట్టి ఆ వచనాలను కాగితం మీద రాసి పంచడం మేలు.